రిసెప్షన్ స్టార్టర్లు మనమే చేస్తే...

ఫ్రీజర్ తలుపు మూసుకోవట్లేదు. నా చేతిలో ఇంకో ట్రే ఉంది.

స్టార్టర్లు ఇంట్లోనే చేసేద్దాం అనుకున్నప్పుడు అందరం రుచి గురించే మాట్లాడాం, చోటు ఊసే రాలేదు. 300 మంది. తర్వాత భోజనం ఎలాగూ ఉంది కాబట్టి మొదటి గంటకి మనిషికి 5 ముక్కలు చాలనుకున్నాం. అంటే 1,500. కాగితం మీద ఎంత బుద్ధిగా కూర్చుందో ఆ అంకె! ట్రేల్లో పరిస్తే మంచాలు కూడా ఖాళీ లేవు.

రోల్స్‌ని ముందు విడివిడిగా గడ్డకట్టించి, ఆ తర్వాతే సంచుల్లో వేస్తున్నాం. లేకపోతే అన్నీ అతుక్కుని ఒకే ముద్ద. ఈ డ్యూటీ పిన్నిది. ఆవిడ అటువైపు ఎవర్నీ రానివ్వట్లేదు, పెళ్లికూతురితో సహా.

అప్పటికప్పుడు వేయించేవి ఒక్క రకం చాలని నేనే పట్టుబట్టాను. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడేదెవరు? అందరూ ఫొటోల్లో ఉండాల్సినవాళ్లే కదా.

డబ్బు మిగులుతుంది, నిజమే. నిద్ర మాత్రం మిగలదు.

అన్నిటికన్నా నాకు భయం వేడీ చల్లదనాల సంగతే. చల్లటివి 5 డిగ్రీల లోపు, వేడివి 60 పైన ఉండాలి. బయట 2 గంటలు దాటితే పారేయడమే. అందుకే అన్నీ ఒకేసారి బల్ల మీద పెట్టకుండా చిన్న ప్లేట్లు మారుస్తూ ఉండాలని ప్లాన్. ఆ పని పిల్లలకి అప్పజెప్పాం. దారిలో ఎన్ని మాయమవుతాయో చూడాలి, 1,500 లెక్కలో వాళ్లని కలపలేదు మరి!