ప్రెజెంటేషన్లకి మార్కులు వేసేటప్పుడు

క్లాసులో ప్రెజెంటేషన్ అనగానే గలగలా మాట్లాడేవాళ్లకి మనకు తెలియకుండానే ఎక్కువ మార్కులు పడిపోతాయి, చెప్పినదాంట్లో పస ఉందా లేదా అన్నది వెనక్కి పోతుంది. ఒక్క మంచి లక్షణం చూసి మిగతావన్నీ బాగున్నాయనుకునే ఈ ధోరణి గురించి ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1920లోనే రాశాడు, దాన్నే హేలో ఎఫెక్ట్ అంటారు.

అందుకే నేను 20 మార్కుల్ని విడగొడతాను. విషయానికి 8, చెప్పిన వరుసకి 4, మాట్లాడే తీరుకి 3, ప్రశ్నలకి ఇచ్చే జవాబులకి 5. దేనికి ఎన్ని మార్కులో చెప్పే ఈ పట్టికని, అంటే రూబ్రిక్‌ని, వారం ముందే పిల్లల చేతికి ఇచ్చేస్తాను, దేనికి మార్కులో తెలియకుండా ఎలా సిద్ధమవుతారు?

విషయానికే మార్కులు ఎక్కువైనా, నేను అన్నిటికన్నా శ్రద్ధగా చూసేది ప్రశ్నలకి ఇచ్చే జవాబుల్నే. బట్టీ పట్టి వచ్చారా, నిజంగా అర్థమైందా అన్నది స్లైడ్లు చూస్తే తెలియదు, "ఇదే విషయానికి ఇంకో ఉదాహరణ చెప్పు" అంటే తెలిసిపోతుంది. టెన్షన్‌తో చేతులు వణికిన అమ్మాయి కూడా అక్కడ తనకి తెలిసింది చక్కగా చెప్పేస్తుంది, అలాంటి పిల్లకి గొంతు వణికిందని మార్కులు కొయ్యడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

తోటి పిల్లల చేత మార్కులు వేయించను, స్నేహాలు అడ్డొస్తాయి. ఏది బాగుంది, ఏది అర్థం కాలేదు అని రెండు వాక్యాలు రాయిస్తాను. మొదట మాట్లాడినవాళ్ల మార్కులు మాత్రం పెన్సిల్‌తోనే వేసి, అందరివీ విన్నాక మళ్లీ చూస్తాను.