మధుకరం వీధుల్లో

విశాఖలో పొద్దున్నే రైలెక్కి విజయనగరంలో దిగాను. సంచిలో ఒక జత బట్టలు, మంచినీళ్ల సీసా, మా పెదనాన్న నోటుపుస్తకం. అట్ట ఊడిపోతే ఆయనే నల్లదారంతో కుట్టుకున్న పుస్తకం అది. 1951 నుంచి మూడేళ్లు విజయనగరం సంగీత కళాశాలలో నేర్చుకున్న పాఠాలన్నీ అందులో ఉన్నాయి. చదువు ముగిశాక ఆయన పార్వతీపురం వైపు ఒక హైస్కూల్లో సంగీతం మాస్టారుగా చేరి, అక్కడే రిటైరయ్యారు. పెద్ద కచేరీలు చేయలేదు. పత్రికల్లో పేరు రాలేదు. కానీ విజయనగరం మాట వస్తే చాలు, ఆయన గొంతు మారిపోయేది. పోయిన ఏడాది ఆయన కాలం చేశాక, ఆ బడి గుమ్మం ఒక్కసారైనా తొక్కాలని మనసులో పడింది.

గంటస్తంభం దగ్గర ఆటో దిగి, మూడు లాంతర్ల దాకా నడిచి, పైడితల్లి అమ్మవారికి దండం పెట్టుకుని కోట దారి పట్టాను. 1713లో కట్టిన కోట. విజయదశమి నాడు పునాది వేశారని, ఊరి పేరులోనూ రాజు పేరులోనూ విజయమే ఉందని ఇక్కడివాళ్లు మురిపెంగా చెబుతారు. కళాశాల ఆ కోటకు దగ్గరలోనే ఉంది.

సెలవు రోజు కాదు. లోపల ఒక గదిలో మృదంగం, ఇంకో గదిలో గాత్రం పాఠం. వరండాలో నిలబడితే మాయామాళవగౌళ రాగంలో మొదటి పాఠాలైన సరళీ స్వరాలు వినిపించాయి. ఏడెనిమిదేళ్ల పిల్లలు. తాళం వేసే చేతులు ఒకటి ముందు, ఒకటి వెనక. నా చేయి కూడా తొడ మీద ఆదితాళం వేస్తోందని కాసేపటికి గానీ గమనించుకోలేదు. చిన్నప్పుడు పెదనాన్న ఒళ్లో కూర్చుని నేను వేసిన తాళమే అది.

ఈ బడి 1919 ఫిబ్రవరిలో పుట్టింది. సంస్థానంలో పనిచేసే ఒకాయనకు చూపులేని కొడుకు ఉన్నాడు, ఆ పిల్లవాడికి సంగీతమంటే ప్రాణం. ఆ ఒక్క కుర్రవాడి కోసం మొదలైన ఆలోచనే విజయరామ గజపతి మహారాజు చేతుల్లో గాన పాఠశాల అయింది. మొదటి ప్రిన్సిపాల్‌గా హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారిని కూర్చోబెట్టారు. ఒకేసారి ఐదు తాళాలు వేసి చూపిన మనిషి, బడి పుట్టిన నాటి నుంచి 1936 దాకా ఆ కుర్చీలో ఉన్నారు.

బడి పుట్టిన ఏడే ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఇక్కడ విద్యార్థిగా చేరదామని వచ్చారు. అప్పటికి ఇరవయ్యారేళ్లు ఉంటాయి. చూపు సరిగా ఆనదు. ఆయన వయొలిన్ విన్నవాళ్లు, ఈయనకు నేర్పేది ఏముంది అనుకుని, శిష్యుడిగా కాదు, ఆచార్యుడిగా తీసుకున్నారు. దాసుగారి తర్వాత ప్రిన్సిపాల్ కూడా ఆయనే. చూపులేని పిల్లవాడి కోసం పెట్టిన బడికి చూపు ఆనని మహావిద్వాంసుడు పెద్ద దిక్కు కావడం నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ఒళ్లు పులకరించే సంగతి.

వరండాలోంచి బయటికొచ్చి పక్క వీధులన్నీ తిరిగాను. నేను నిజంగా చూడాలనుకున్నవి ఈ వీధులే. ఘంటసాల వెంకటేశ్వరరావు జోలె పట్టుకుని తిరిగింది ఈ ఊళ్లోనే. పదకొండో ఏట తండ్రి పోయాడు. సంగీతం నేర్చుకుంటానని తండ్రికి ఇచ్చిన మాట కోసం వేలి ఉంగరం అమ్ముకుని, గుడివాడ వైపు నుంచి ఇంత దూరం వచ్చాడు. తీరా వస్తే కళాశాలకు సెలవులు. తర్వాత ఉన్న కాస్త ఆసరా కూడా పోయి గుళ్లో తలదాచుకున్నాడు. అప్పుడు కళాశాలలో గాత్రం చెప్పే పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీశారు. పైసా తీసుకోకుండా పాఠం చెప్పారు. ఆయనా ఉన్నవారు కాదు, మరో నోటికి రెండు పూటలా పెట్టగల ఇల్లు కాదు. కుర్రవాడు భుజాన జోలె వేసుకుని మధుకరానికి బయలుదేరాడు.

వారాలు చేసుకోవడం వేరు, మధుకరం వేరు. వారమంటే ఫలానా రోజు ఫలానా ఇంట్లో విస్తరి వేస్తారని తెలుసు. మధుకరానికి ఆ ధీమా లేదు. గుమ్మం గుమ్మం దగ్గర ఆగి పిలవాలి, పెట్టినంత పట్టాలి, అన్నమూ కూరా ఒకే జోలెలో కలిసిపోతాయి. మధ్యాహ్నం తెచ్చుకున్నదే రాత్రికీ దాచుకోవాలి. ఆ అన్నం తిన్న గొంతే తర్వాత క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లింది, ముప్పై ఏళ్ల పాటు తెలుగువాళ్ల ఇళ్లన్నిటా మోగింది. 1974లో ఆయన పోయిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించలేదని అమ్మ చెబుతుంది.

ఒక పెంకుటింటి అరుగు మీద మామ్మగారు ఒకావిడ చిక్కుడుకాయలు ఈనె తీస్తూ కూర్చున్నారు. మంచినీళ్లు అడిగి, మాటల్లో మా పెదనాన్న సంగతి చెప్పాను.

"సంగీతం పిల్లలా? మా అత్తగారు ఇద్దరికి వారం పెట్టేవారు బాబూ" అన్నారావిడ. "ఒకాయనకు మంగళవారం, ఒకాయనకు శుక్రవారం. మంగళవారం ఆయనకు పుల్లటి పెరుగు పడేది కాదు, గొంతు పట్టేస్తుందని. ఆయన కోసం సోమవారం రాత్రి విడిగా చిన్న గిన్నెలో పాలు తోడుపెట్టేవారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ గిన్నె తోమే పని నాదే."

"ఆయన తర్వాత ఏమయ్యారు మామ్మగారూ?"

"ఎవరికి తెలుసు నాయనా! పేరు కూడా గుర్తులేదు. గిన్నె మాత్రం ఇంకా ఉంది."

లోపలికెళ్లి తెచ్చి చూపించారు. అంచు కాస్త సొట్టపోయిన ఇత్తడి గిన్నె. గుప్పెడు బియ్యం పట్టేంత. చేతిలోకి తీసుకున్నాక వెంటనే తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు.

ఈ బడి నుంచి వెళ్లినవారిలో పేరు తెలిసినవాళ్లకు కొదవ లేదు. తూర్పు గోదావరి జిల్లా కొత్తపల్లిలో పుట్టిన నేదునూరి కృష్ణమూర్తిగారు 1940లో కుర్రవాడిగా వచ్చి చేరారు. 1991లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. మధ్యలో ఇదే కళాశాలకు ప్రిన్సిపాల్‌గా తిరిగి వచ్చి పాఠం చెప్పారు. పి. సుశీలగారిది ఈ ఊరే, చదువూ ఇక్కడే. ఆమె పాడిన 17,695 పాటలను 2016లో గిన్నిస్ వారు లెక్కకట్టారు. వీరందరి పేర్లూ నాకు కంఠతా వచ్చు. అయినా ఆ మధ్యాహ్నమంతా నా మనసు మంగళవారం ఆయన చుట్టూనే తిరిగింది. ఆయన ఏ బడిలో పాఠం చెప్పాడో, ఎంతమంది పిల్లలకు శ్రుతి పట్టడం నేర్పాడో! మా పెదనాన్న దగ్గర నేర్చుకున్నవాళ్లు మా జిల్లాలోనే వందల మంది ఉంటారు. వాళ్లలో చాలామంది ఇప్పటికీ పండగకు ఫోను చేస్తారు.

సాయంత్రం మళ్లీ కళాశాలకు వెళ్లాను. పిల్లలు వెళ్లిపోయారు. గాత్రం మాస్టారు చాప చుట్టబోతూ నన్ను చూసి ఆగారు. సంగతి చెప్పి నోటుపుస్తకం చేతికిచ్చాను. ఆయన చెప్పులు లేవని చూసుకుని, కళ్లకద్దుకుని, పేజీలు తిప్పారు. ఒకచోట తోడి రాగంలో వర్ణం. పెదనాన్న నల్లసిరాతో రాసుకున్న స్వరాల మీద, అక్కడక్కడా నీలి పెన్సిల్‌తో అలల గీతలు.

"ఇవి మీ పెదనాన్నగారి గీతలు కావండీ" అన్నారు మాస్టారు. "గురువుగారు దిద్దినవి. చూడండి, గాంధార స్వరం వచ్చిన చోటల్లా ఉన్నాయి. ఈ కుర్రవాడు గాంధారాన్ని ఊపకుండా నిలబెట్టేసేవాడన్నమాట. తోడిలో అలా నిలబెడితే రాగం ప్రాణం పోతుంది."

నేను అరవై ఏళ్ల పెదనాన్ననే చూశాను. దిద్దించుకుంటున్న పద్దెనిమిదేళ్ల పెదనాన్నను చూడటం అదే మొదలు.

మాస్టారు చాప మళ్లీ పరిచి, తంబూరా శ్రుతి పెట్టి, పుస్తకం ఎదురుగా ఉంచుకుని వర్ణం ఎత్తుకున్నారు. నీలి గీత వచ్చిన ప్రతిచోటా గాంధారం మెల్లగా ఊగింది. వర్ణం పూర్తయ్యాక ఆయన గడియారం చూసి, నా బండి ఎన్నింటికని అడిగారు. ఇంకా గంటన్నర ఉందన్నాను.

"అయితే తర్వాతి పేజీ తిప్పండి" అన్నారు.