చిన్న కమతానికి పథకాలు అందాలంటే

పథకాల మాట రాగానే మా ఊళ్లో ఎవరైనా ముందు అడిగేది ఖాతాలో ఎంత పడుతుందనే. పీఎం కిసాన్ కింద ఏడాదికి మూడు విడతలుగా 6,000 రూపాయలు వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర పథకమైన అన్నదాత సుఖీభవతో కలిపితే అది 20,000 అవుతుంది. విత్తనాలకు, ఎరువులకు అది ఆసరాయే. కానీ అనంతపురం వంటి వాన తక్కువ జిల్లాలో మూడు నాలుగెకరాల కుటుంబానికి నేలను, నీటిని కాపాడే పథకాలే ఎక్కువ కాలం అక్కరకు వస్తాయని నా అభిప్రాయం.

ఏది కావాలన్నా ముందు రెవెన్యూ రికార్డు సరిగ్గా ఉండాలి. పట్టా చనిపోయిన తండ్రి పేరిటే ఉండిపోగా, అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని సాగు చేసుకుంటున్న కుటుంబాలు మా వైపు చాలా ఉన్నాయి. వారసత్వ మ్యుటేషన్, అంటే రికార్డులో వారసుల పేరుకు మార్పు, చేయించుకుని, భూమి ఎవరిదో చూపే 1బి, సాగు వివరాలుండే అడంగల్‌లలో పేరు, విస్తీర్ణం సరిపోయాయో లేదో మీభూమి వెబ్‌సైటులో చూసుకోవాలి. పీఎం కిసాన్‌కు 2019 ఫిబ్రవరి 1 నాటికే భూమి తన పేరిట ఉండాలన్న నిబంధన ఉన్నా, యజమాని మరణంతో వారసులకు సంక్రమించిన భూమికి మినహాయింపు ఉంది. అది తెలియక దరఖాస్తే పెట్టనివారు ఉన్నారు. కౌలు రైతుల కష్టం వేరు: కౌలుదారుకు సాగు హక్కు పత్రంగా ఇచ్చే సీసీఆర్సీ కార్డుకు సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని యజమానులు జంకుతారు.

బిందు సేద్యానికి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం చిన్న, సన్నకారు రైతులకు 55 శాతం సబ్సిడీ ఉంది. రాష్ట్రం తన వంతు కలపడంతో ఐదెకరాల లోపు రైతు 10 శాతం కడితే సరిపోతుంది. రైతు సేవా కేంద్రంలో దరఖాస్తు ఇచ్చాక పొలం కొలతలు తీసి, పైపుల నక్షా గీస్తారు. పరికరాలు అమర్చాకే అసలు పని మొదలవుతుంది. మా చీనీ (బత్తాయి) తోటలో బోరు నీటికి డ్రిప్పర్ల రంధ్రాల చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. అప్పుడప్పుడు చెట్ల వరుస వెంట పరిచిన సన్న పైపు (లాటరల్) చివరి బిరడా విప్పి, ఎర్రటి మడ్డి పోయి తేటనీరు వచ్చేదాకా వదలకపోతే చివరి వరుస చెట్లు వాడిపోతాయి.

సేద్యపు కుంట తవ్వించుకునేవారు నీరు దిగే చోట చిన్న పూడిక గుంత కూడా అడిగి తీయించుకోవాలి. లేకపోతే కుంట త్వరగా మేట వేస్తుంది.

అంతగా ఎవరూ అడగనిది రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయం. అందులో నవధాన్యాల విత్తనాలకు మట్టి, బూడిద, ఆవు పేడతో చేసే ఘన జీవామృతం పట్టించి, గుళికలు చేసి, తొలకరికి ముందే పొడి దుక్కిలో చల్లిస్తారు. ఖాతాలో పడే డబ్బేమీ లేదు గనుక దీని గురించి రచ్చబండ దగ్గర మాట రాదు. కానీ ఎండాకాలం నేల బోసిగా ఉండకుండా కాపాడేది ఇదే.

వీటన్నిటితో పాటు ప్రతి పంటకూ ఈ-పంట (ఏ పొలంలో ఏ పంట వేశారో ఆన్‌లైన్‌లో ఎక్కించే రికార్డు) నమోదు చేయించి, వేలిముద్ర వేసి, రసీదు తీసుకోవాలి. పంట నష్టపోయినప్పుడు పరిహారానికైనా, మద్దతు ధరకు అమ్ముకోవడానికైనా అధికారులు ముందు చూసేది దాన్నే.