వెంటపడేది నేను, ముడుచుకునేది ఆయన

మా ఆయనకు మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడతాయి, జవాబు మాత్రం రాదు. నాకు వెంటనే టెన్షన్. ఆయనకేమో గొడవైతే చాలు, కాసేపు ఒంటరిగా ఉండాలి. నేను ఎంత వెంటపడితే ఆయన అంత ముడుచుకుపోతారు.

పసివయసులో పెంచినవాళ్లతో అల్లుకునే బంధం గురించి మనస్తత్వ పరిశోధకులు జాన్ బౌల్బీ, మేరీ ఐన్స్‌వర్త్ చెప్పినదాన్ని 1987లో హేజన్, షేవర్ అనే మరో ఇద్దరు పరిశోధకులు పెద్దవాళ్ల ప్రేమలకూ అన్వయించారు. ఇలా బంధాల్లో ఒక్కొక్కరు ప్రవర్తించే తీరుల్నే అటాచ్‌మెంట్ స్టైల్స్ అంటారు. వదిలేస్తారేమోనన్న భయం నాది, మరీ దగ్గరైతే ఊపిరాడకపోవడం ఆయనది. ఇదేమీ నుదుటి రాత కాదు. నమ్మకమైన తోడు ఉంటే పెద్దయ్యాక కూడా మారొచ్చు. నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చిన సంగతి ఇదే.

ఇప్పుడు ఆయన గదిలోకి వెళ్లేముందు "అరగంటలో వస్తా, అప్పుడు మాట్లాడదాం" అంటున్నారు. వస్తున్నారు కూడా. ఆ అరగంట ఆగడం నాకింకా కష్టంగానే ఉంది, కానీ ఆగుతున్నాను.