సెన్సర్ చెడితే రీడింగ్ ఎటు పోతుంది? – నా ఏఎల్‌పీ పార్ట్-బి ప్రిపరేషన్

రైల్వే ఏఎల్‌పీ (అసిస్టెంట్ లోకో పైలట్) ఉద్యోగానికి చదువుతున్న ఐటీఐ మిత్రులకు, ముఖ్యంగా ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడ్ వాళ్లకు ఇది రాస్తున్నాను. మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. ఊరు దాటితే పాతపట్నం, అది ఆంధ్రా. బడిలో ఒడియా చదివాను, ఐటీఐలో ఇంగ్లీషు మాటలు విన్నాను, ఇంట్లో మాత్రం తెలుగే.

మొదటిసారి సీబీటీ-2లో, అంటే రెండో దశ కంప్యూటర్ పరీక్షలో, పార్ట్-ఏ బాగానే రాశాను. నన్ను ముంచింది పార్ట్-బి, అంటే మన ట్రేడ్ ప్రశ్నలు. 75 ప్రశ్నలు, 60 నిమిషాలు, 35 శాతం వస్తే చాలు, ఆ మార్కులు మెరిట్‌లో కలవవు. కలవనిదానికి అంత కష్టం ఎందుకులే అని ఆఖరి పది రోజులకు వదిలేశాను. కీ వచ్చాక లెక్కేసుకుంటే 33 ఒప్పులు, 27 తప్పులు. తప్పుకు మూడో వంతు కోత కదా, 9 పోయి 24 మిగిలాయి. కావలసింది 26.25. ఆ రాత్రి అన్నం సయించలేదు. తప్పుల్లో చాలావరకు టెంపరేచర్ కొలతలవే. పీటీ100 అంటే ప్లాటినం టెంపరేచర్ సెన్సర్, సున్నా డిగ్రీల దగ్గర దాని నిరోధం 100 ఓమ్‌లు అని నోటికొచ్చు. అది చెడితే ఏమవుతుందని అడిగేసరికి చేతులాడలేదు.

ఆ నెలలోనే వదిన ఓవెన్ మొరాయించింది. ఇంట్లోనే కేకులు చేసి ఆర్డర్ల మీద ఇస్తుంది. "180 పెట్టినా రంగే రాట్లేదు, నడుమ కుంగిపోతంది. ఓపాలి చూడవా?" అంది. రిపేరు దుకాణంలో అడిగితే చూడకుండానే సెన్సర్ మార్చాలన్నారు. కొనేముందు కొలిచి చూద్దామనుకున్నాను.

ప్లగ్ పూర్తిగా పీకి, ఓవెన్ చల్లారాక వెనక రేకు విప్పాను. ఇది మామూలు ఎలక్ట్రిక్ ఓవెన్. మైక్రోవేవ్ ఓవెన్ అయితే మాత్రం మీరు విప్పొద్దు, ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత చార్జ్ ఉండిపోవచ్చు.

లోపలున్నది పీటీ1000, అదే రకం సెన్సర్. సున్నా డిగ్రీల దగ్గర 1000 ఓమ్‌లు, డిగ్రీకి సుమారు 3.85 ఓమ్‌లు పెరుగుతుంది. ఆ రోజు గది 30 డిగ్రీలుంది, అంటే 1117 దగ్గర రావాలి. బోర్డు వైపు కనెక్టర్ దగ్గర కొలిస్తే 1227 వచ్చింది. సెన్సర్ పోయిందని అక్కడే అనుకునేవాణ్ణి. కానీ సెన్సర్ దగ్గరి జాయింటు ఊడదీసి దాన్ని విడిగా కొలిస్తే సరిగ్గా 1117. నమ్మకం కుదరక సెన్సర్ మొనను ఐసు నీళ్లలో ముంచాను, వెయ్యికి దగ్గరగా వచ్చింది. మరిగే నీళ్లలో 1383. సెన్సర్ నిక్షేపంలా ఉంది. తేడా 110 ఓమ్‌లు వైరుదే. వేడికి మాడి నల్లబడిన టెర్మినల్ దగ్గర క్రింపు, అంటే వైరును నొక్కి బిగించిన చోటు, వదులైపోయింది.

ఇక్కడ కాసేపు ఆగండి, ప్రశ్నంతా ఇక్కడే ఉంది. కంట్రోలర్‌కు డిగ్రీలు తెలియవు, ఓమ్‌లే తెలుసు. 180 డిగ్రీలంటే దానికి 1685 ఓమ్‌లు. వైరులో 110 అదనంగా కూర్చుంటే సెన్సర్ 1575 చేరగానే లెక్క సరిపోయిందనుకుని హీటర్ ఆపేస్తుంది. 1575 అంటే దాదాపు 150 డిగ్రీలే. వదిన కేకు కుంగినది ఆ ముప్పై డిగ్రీల లోటుకే. రీడింగ్ ఎక్కువ చూపితే ఓవెన్ తక్కువ కాలుతుంది. ఈ తిరగబడే సంగతి వంటింట్లో నేల మీద కూర్చున్నప్పుడు నాకు మొదటిసారి తలకెక్కింది.

పాడైన కొస కత్తిరించి కొత్త టెర్మినల్ క్రింప్ చేశాను, ఫైబర్‌గ్లాస్ స్లీవ్ తొడిగాను. సోల్డర్ పెట్టలేదు. మామూలు 63/37 (తగరం-సీసం) సోల్డర్ 183 డిగ్రీలకే కరిగిపోతుంది, ఓవెన్ వేడికి నిలవదు.

ఆ రాత్రే నోట్సు కొత్తగా మొదలుపెట్టాను. ఒక్కో సెన్సర్‌కు ఒక్కో పేజీ, పైన ఒకటే ప్రశ్న: ఇది చెడితే రీడింగ్ ఎటు పోతుంది? ఆర్టీడీ (పీటీ100, పీటీ1000 లాంటి సెన్సర్) తెగితే నిరోధం అనంతం, విపరీతమైన వేడని చూపుతుంది, హీటర్ ఆగుతుంది. షార్ట్ అయితే చల్లగా ఉందనిపిస్తుంది, హీటర్ ఆగదు, అదే ప్రమాదం. ఎన్‌టీసీ థర్మిస్టర్‌లో సరిగ్గా దీనికి ఎదురు, ఎందుకంటే వేడెక్కితే దాని నిరోధం తగ్గుతుంది. పీటీ100కు మూడు వైర్లు ఎందుకో కూడా ఇలాగే తెలిసింది. వైరులో ఒక్క ఓమ్ ఎక్కువైతే పీటీ1000లో పావు డిగ్రీ తేడా, పీటీ100లో రెండున్నర డిగ్రీలు. అందుకే మూడో వైరుతో ఆ వైరు నిరోధాన్ని కొలిచే బ్రిడ్జి సర్క్యూట్‌లోనే కొట్టేయిస్తారు.

ఈ నోట్సు ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాసుకున్నాను. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, ఆ ధైర్యం ఉంది. పరీక్షలో భాష మీకు నచ్చింది ఎంచుకోండి, అర్థం చేసుకోవడం మాత్రం ఇంటి మాటలో చేసుకోండి. "లీడ్ రెసిస్టెన్స్ ఎర్రర్" అని పదిసార్లు చదివినా ఎక్కనిది, "వైరు దొంగ ఓమ్‌లు కలుపుతంది" అని రాసుకుంటే ఒక్కసారికే ఎక్కింది.

పార్ట్-బిని రోజూ పొద్దున్నే, బుర్ర తాజాగా ఉన్నప్పుడు గంటసేపు పట్టుకున్నాను. డీజీటీ (ఐటీఐల సిలబస్ ఇచ్చే కేంద్ర శిక్షణ సంస్థ) ట్రేడ్ సిలబస్ ముందు పెట్టుకుని పాఠం వెంట పాఠం. తెలియని ప్రశ్న వదిలేయడం కూడా ప్రాక్టీసు చేశాను, మొదటిసారి ఆ 27లో సగం ఊహించి పెట్టినవే. రెండోసారి 52 ఒప్పులు, 9 తప్పులు, 49 మార్కులు. థర్మోకపుల్ (రెండు లోహాల తీగలు కలిపి చేసే వేడి సెన్సర్) వైర్లు తారుమారైతే ఏమవుతుందని ఒక ప్రశ్న వచ్చింది. వేడి చేస్తుంటే రీడింగ్ కిందికి దిగుతుంది. ఆప్షన్లు చదవకముందే జవాబు తెలిసిపోయింది. ఇప్పుడు తర్వాతి దశ సీబీఏటీకి (కంప్యూటర్ మీద జరిగే ఆప్టిట్యూడ్ పరీక్ష) చదువుతున్నాను. నోట్సు ఎదురింటి తమ్ముడి దగ్గరుంది, వాడిది ఈ ఏడు ఐటీఐ రెండో సంవత్సరం.