చేపల మసాలా పొడి ఇంట్లోనే కొట్టుకుందాం: కిటుకంతా మెంతుల దగ్గరే

గరం మసాలా వేసిన చేపల పులుసుకూ, మెంతి జీలకర్ర పొడి వేసిన పులుసుకూ తేడా గిన్నె మూత తీయకముందే తెలుస్తుంది. మొదటిది గుమ్మంలోనే మటన్ షోర్వా అనిపిస్తుంది. రెండోది చేపల పులుసే.

గరం మసాలా చెడ్డదని కాదు. మటన్ గంటసేపు ఉడుకుతుంది కాబట్టి లవంగం, చెక్క, యాలకుల ఘాటు మెత్తబడి కొవ్వులో కలిసిపోతుంది. చేప ముక్క పులుసులో పడ్డాక ఉడికేది ఎనిమిది, పది నిమిషాలే. అంత తక్కువ సేపట్లో ఘాటు దినుసులు కూరలో కలవవు, చేప రుచి మీదెక్కి కూర్చుంటాయి. అందుకే చేపల పొడిలో ధనియాలు, జీలకర్ర, మెంతులదే పెద్దపీట. చెక్కా లవంగాలు పేరుకు పడితే చాలు. పైగా గిన్నెలో వేగే టైము లేదు కనుక దినుసుల పచ్చివాసన మూకుట్లోనే పూర్తిగా పోవాలి.

కొలతలు ఇవీ: ధనియాలు 100 గ్రాములు, జీలకర్ర 25 గ్రాములు, మెంతులు 10 గ్రాములు, మిరియాలు 10 గ్రాములు, ఆవాలు 5 గ్రాములు, లవంగాలు 6, చిటికెన వేలంత దాల్చిన చెక్క, రెండు గుప్పిళ్ళ కరివేపాకు, ఒక టీస్పూను రాళ్ళ ఉప్పు. త్రాసు లేకపోతే 10 గ్రాముల మెంతులంటే రెండున్నర టీస్పూన్లు అనుకోండి. మిగతావి కాస్త అటూ ఇటూ అయినా పర్వాలేదు కానీ మెంతులు మాత్రం ఉజ్జాయింపుగా వేయకండి. జల్లించాక సుమారు 140 గ్రాముల పొడి వస్తుంది. కిలో చేపలకు 20 గ్రాములు పడుతుంది, అంటే ఏడుసార్లు. ప్రతి ఆదివారం చేపలు వండే ఇంటికి నెలన్నర వస్తుంది. అంతకంటే ఎక్కువ ఒకేసారి కొట్టి పెట్టుకోవద్దు.

కారం, పసుపు ఇందులో వేయలేదు, మరిచిపోయి కాదు. పులుసుకు పట్టే కారం వేరు, ఫ్రైకి పట్టే కారం వేరు. పొడిలోనే కలిపేస్తే ఇక చేతిలో ఏమీ ఉండదు. ఎండుకొబ్బరి, గసగసాలు, నువ్వులు, పల్లీలు కూడా వద్దు. పాతబస్తీ మచ్ఛీ కా సాలన్‌లో నువ్వులు, పల్లీలు, కొబ్బరి వేయించి నూరి వేస్తారు, రుచికి దానికి తిరుగులేదు. కానీ అవన్నీ నూనె గింజలు. పొడిగా కొట్టి డబ్బాలో పెడితే రెండు మూడు వారాల్లో ముక్కిన వాసన వేస్తాయి, వాటితోపాటు మిగతా పొడీ పాడవుతుంది. అవి కావాలనుకున్న రోజు విడిగా వేయించి అప్పటికప్పుడు నూరుకోవాలి. వెల్లుల్లీ అంతే, దాని తడి పొడికి పడదు.

దినుసులకు బేగంబజార్ అయినా, సికింద్రాబాద్ మోండా మార్కెట్ అయినా సరే, విడిగా రాశి పోసిన చోట కొంటే చేత్తో పట్టి చూసే వీలుంటుంది. ధనియాల్లో లావుపాటివి చూడ్డానికి బాగుంటాయి, వాసన మాత్రం సన్నవాటిలోనే ఎక్కువ. కొంచెం పచ్చని ఛాయ ఉన్న సన్న ధనియాలు నాలుగు తీసుకుని అరచేతిలో నలపండి, కమ్మటి వాసన వెంటనే రావాలి. సగానికి పగిలిన బద్దలు ఎక్కువగా కనిపిస్తే తీసుకోవద్దు. జీలకర్రనూ అరచేతిలో గట్టిగా రుద్దండి. చేతికి నలుపు అంటితే రంగు పూసిన గడ్డి గింజలు కలిశాయన్నమాట. మిరియాలను నీళ్ళలో వేస్తే మునగాలి, తేలేవి చాలావరకు బొప్పాయి గింజలో తాలు గింజలో అయి ఉంటాయి.

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజు రాంనగర్ చేపల మార్కెట్లో కాలు పెట్టే సందుండదు. పొడి కొట్టుకోవడానికి దాని ముందు వచ్చే రోహిణి కార్తె ఎండలు బాగా పనికొస్తాయి. మేడ మీద పాత నూలు చీర పరిచి దినుసులు ఒక పూట ఎండబెడితే లోపలి తేమ పోతుంది, వేయించేటప్పుడు లోపలా బయటా ఒకేలా వేగుతాయి. కరివేపాకును మాత్రం ఎండలో పెట్టొద్దు, రంగూ వాసనా రెండూ పోతాయి. కడిగి, బట్ట మీద తడి ఆరనిచ్చి, నీడలో రెండు రోజులు ఉంచితే చాలు. వానాకాలంలో ఎండ దొరక్కపోతే మూకుడు వేడిచేసి, స్టవ్ ఆపేసి, అందులో దినుసులు పోసి పది నిమిషాలు వదిలేయండి.

ఇక వేయించడం. ఇనుప మూకుడు గానీ, అడుగు మందంగా ఉన్న గిన్నె గానీ ఉండాలి. మంట ఎప్పుడూ సన్నగానే. ఒక్కో దినుసుకు ఒక్కో టైము కాబట్టి దేనికదే విడిగా వేయించాలి. అన్నీ ఒకేసారి పోస్తే ధనియాలు వేగేలోపు జీలకర్ర మాడుతుంది. ధనియాలకు ఐదారు నిమిషాలు పడుతుంది. ఒక గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే పటుక్కున విరగాలి, నలిగితే ఇంకా కాలేదు. జీలకర్రకు రెండు నిమిషాలు మించనివ్వొద్దు, ఒక ఛాయ ముదరగానే దించేయండి. ఆవాలు చిటపటలాడటం మొదలవగానే మూత పెట్టి, సద్దు తగ్గాక తీయాలి. మిరియాలు, లవంగాలు, చెక్క కలిపి ఒక్క నిమిషం వెచ్చబడితే సరిపోతుంది. చివరికి స్టవ్ ఆపి, ఆ వేడి మూకుట్లోనే కరివేపాకు, రాళ్ళ ఉప్పు వేసి తిప్పితే ఆకు గలగలలాడుతుంది.

మెంతుల సంగతి మాత్రం విడిగా చెప్పాలి. మూకుట్లో పోసిన మొదటి నిమిషం ఏమీ జరగదు, గింజ పసుపుపచ్చగానే ఉంటుంది. రెండో నిమిషంలో అక్కడక్కడ ఒకటి రెండు గింజలు ఎగురుతాయి, రంగు తేనెలా మారుతుంది. ఈ దశలో దించితే పొడిలో పచ్చి చేదు ఉండిపోతుంది, పులుసు జిగటగా తగులుతుంది. మూడో నిమిషంలో గింజంతా ఒకే రకంగా గోధుమ ఎరుపుకు తిరుగుతుంది, కాఫీ గింజలు వేయించినట్టు కమ్మటి వాసన మొదలవుతుంది. దించాల్సింది అప్పుడే. స్టవ్ ఆపి మూకుట్లోనే వదిలేయకండి, వెంటనే చల్లటి పళ్ళెంలోకి కుమ్మరించండి. లేకపోతే ఇనుము వేడికి ఇంకో అర నిమిషం వేగిపోతాయి, ఆ అర నిమిషంలోనే ముదురు ఎరుపు దాటి నలుపులోకి వెళ్తాయి. నల్లబడ్డ మెంతుల చేదును ఏ పులుపూ ఏ బెల్లమూ తీయలేదు. వాటిని పారేసి మళ్ళీ వేయించుకోండి, పోయేది 10 గ్రాముల మెంతులేగా. కొరికి చూస్తే తెలుస్తుంది: సరిగ్గా వేగిన గింజ కరకరమంటుంది, చేదు నాలుక మీద ఒక్క క్షణం తగిలి పోతుంది.

అన్నీ పళ్ళెంలో పలచగా పరిచి అరగంట ఆరనివ్వండి. వేడి మీద మిక్సీలో వేస్తే ఆవిరి పట్టి పొడి ఉండకడుతుంది. ముందు గట్టి గింజలైన మెంతులు, మిరియాలు, లవంగాలు, చెక్క, కరివేపాకు, ఉప్పు తిప్పండి. అవి సగం నలిగాక జీలకర్ర, ఆవాలు, చివర ధనియాలు వేయండి. పది పదిహేను సెకన్లు తిప్పి, ఆపి, మళ్ళీ తిప్పాలి. ఏకబిగిన తిప్పితే మిక్సీ జార్ వేడెక్కి ధనియాల సువాసన మూత తీయగానే గాలిలో కలిసిపోతుంది. తిప్పాక జల్లించి, జల్లెడలో మిగిలిన ధనియాల పొట్టును ఇంకోసారి తిప్పి కలపండి. అప్పటికీ మిగిలితే అది పులుసులో పళ్ళకింద తగిలే పీచే, తీసేయండి. పొడిని ఇంకో అరగంట పళ్ళెంలోనే ఉంచి, పూర్తిగా ఆరిన గాజు సీసాలోకి ఎత్తుకోవాలి. వారంవారం తెరిచేందుకు చిన్న సీసా ఒకటి, మిగతా పొడికి ఇంకో సీసా పెట్టుకుంటే వాసన నిలుస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళు బయటకు తీశాక సీసా చల్లదనం పోయేవరకు మూత తీయొద్దు, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది.

ఏ చేపకు ఎంత అన్నది చేప ఎక్కడిదన్న దాన్ని బట్టి ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా దొరికే బొచ్చె, రవ్వ, బంగారు తీగ చెరువు చేపలు. వీటికి ఉండే మట్టి వాసనకు కారణం జియోస్మిన్ అనే పదార్థం. చెరువు నీళ్ళలో సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తే, అది చేప మొప్పల గుండా వెళ్ళి కొవ్వులో చేరుతుంది. ముక్క పక్క భాగంలో చర్మం కింద కనిపించే ముదురు ఎరుపు కండలో కొవ్వు ఎక్కువ, వాసన గిట్టనివాళ్ళు దాన్ని తీయించేయొచ్చు. పులుపు జియోస్మిన్‌ను విరగ్గొడుతుంది, అందుకే చెరువు చేపకు చింతపండు తగ్గించకూడదు. వంజరం, చందువ లాంటి సముద్రపు చేపల నీచు వాసన వేరు, అది ట్రైమిథైలమీన్ అనే పదార్థానిది. దాన్నీ పులుపే కట్టేస్తుంది. ఈ చేపలకు 20 గ్రాముల పొడి ఎక్కువ, 15 చాలు. కొర్రమట్ట తెలంగాణ రాష్ట్ర చేప, ముళ్ళు తక్కువ, కండ గట్టి. దానికీ 15 గ్రాములే, పైన రెండు చిటికెలు మిరియాల పొడి చల్లుకోండి. మార్కెట్లో చేప కోసేవాళ్ళు "పులుసుకా, ఫ్రైకా?" అని అడుగుతారు. పులుసుకు ముక్క వేలి మందం ఉండాలి, ఫ్రైకి అందులో సగం.

కిలో చేపల పులుసుకు ముక్కల్ని ఉప్పు, పసుపు, నిమ్మరసంతో రుద్ది రెండుసార్లు కడగండి. అర టీస్పూను పసుపు, రెండున్నర టేబుల్ స్పూన్ల కారం, ఉప్పు పట్టించి పావుగంట ఉంచండి. మొత్తం కూరకు ఉప్పు 20 గ్రాముల దాకా పడుతుంది, సగం ముక్కలకు, సగం పులుసుకు. వెడల్పాటి గిన్నెలో పల్లీ నూనె వేడిచేసి, రెండు పెద్ద ఉల్లిగడ్డల ముద్ద, ఒక టేబుల్ స్పూన్ అల్లం వెల్లుల్లి వేసి నూనె తేలేదాకా వేయించాలి. 60 గ్రాముల చింతపండును అర లీటరు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి తీసిన రసం పోసి, అది మరిగాకే ఈ కూరకు కొలిచిన పొడిలో ముప్పాతిక వంతు వేయాలి. నూనెలో నేరుగా వేయొద్దు. ఇప్పటికే వేగిన మెంతి వేడి నూనె తగిలితే క్షణాల్లో మాడుతుంది. పులుసు చేదెక్కిందని మెంతుల్ని తిట్టుకునే చాలా ఇళ్ళల్లో అసలు తప్పు జరిగేది ఇక్కడే.

రసం పది పన్నెండు నిమిషాలు మరిగి కాస్త చిక్కబడ్డాక ముక్కలు వేయండి. ఆ తర్వాత గరిటె పెట్టకండి, గిన్నె రెండు వైపులా గుడ్డతో పట్టుకుని తిప్పండి. ఎనిమిది నిమిషాలకు ముక్క తెల్లబడుతుంది. మిగిలిన పావు వంతు పొడి, కొత్తిమీర అప్పుడు చల్లి స్టవ్ ఆపేయాలి. మొదట వేసిన పొడి పులుసుకు చిక్కదనం ఇస్తుంది, చివర వేసింది వాసన ఇస్తుంది. మెంతుల్లో ఉండే జిగురు నెమ్మదిగా నీళ్ళు పీల్చుకుంటుంది కాబట్టి దించగానే పలచగా కనిపించినా కంగారుపడి ఇంకా మరిగించొద్దు. రెండు గంటలకు తనంతట తనే దగ్గరపడుతుంది. పొద్దున వండి రాత్రికి తినే పులుసే అసలైన పులుసు.

ఫ్రైకి అరకిలో ముక్కలకు 10 గ్రాముల పొడి, రెండు టీస్పూన్ల కారం, చిటికెడు పసుపు, టీస్పూను ఉప్పు, టేబుల్ స్పూన్ అల్లం వెల్లుల్లి ముద్ద, అర చెక్క నిమ్మరసం, టేబుల్ స్పూన్ బియ్యప్పిండి కలపాలి. చెరువు చేపయితే అర టీస్పూను వాము అరచేతిలో నలిపి వేయండి. అరగంట నానితే చాలు, గంట దాటితే నిమ్మ పులుపుకు కండ సుద్దలా అవుతుంది. పెనం మీద నడిమి మంటన ఒక్కో వైపు నాలుగు నిమిషాలు. పొడి బరకగా ఉంటే ముక్క వేగకముందే ఆ పలుకులు నల్లబడతాయి, కాబట్టి ఫ్రైకి వాడే పొడిని ఇంకోసారి జల్లించుకోండి.

పొడి కొట్టాక పచ్చివాసన వస్తుంటే కంగారు వద్దు, మూకుడు వేడిచేసి స్టవ్ ఆపి అందులో ఒక నిమిషం తిప్పితే సర్దుకుంటుంది. కొంచెం చేదుగా వచ్చిందంటే మెంతులు లేకుండా ధనియాలు, జీలకర్ర మాత్రమే వేయించి కొట్టి, ఆ పొడికి దీన్ని మూడో వంతు కలపండి. ఉండలు కట్టి బూజు వాసన వస్తే జల్లించి వాడాలని చూడొద్దు, పారేయాలి.

ఇదే పొడి రొయ్యలకూ పనికొస్తుంది కానీ సగం చాలు, రొయ్యల తీపికి మెంతి ఎక్కువైతే నప్పదు. ఎండు చేపల కూరకు మాత్రం 20 గ్రాములూ వేయండి. ఉప్పు మాత్రం చేపలు నానబెట్టి కడిగి, పులుసు రుచి చూశాకే.