డీజిల్ లైటు వెలిగాక ట్యాంకులో ఇంకెంత ఉన్నట్టు?

పాత పికప్ కొన్నవాళ్లు మొదట అడిగేది మైలేజీ. ఆ వెంటనే అడగాల్సింది, లైటు వెలిగాక ఎన్ని లీటర్లు మిగులుతాయని. దీనికి బండి పుస్తకంలోని అంకె సరిపోదు. పదేళ్లు దాటిన బండిలో ట్యాంకు మారి ఉండొచ్చు, అడుగున సొట్ట పడి ఉండొచ్చు, డీజిల్ మీద తేలుతూ మట్టం చెప్పే ఫ్లోటు ఇంకో మోడల్‌ది వేసి ఉండొచ్చు. అందుకే ఎవరి బండికి వాళ్లే కొలుచుకోవాలి.

చాలామంది చేసే లెక్క సులువైందే. లైటు ఆరకుండా వెలగగానే బంకుకెళ్లి ఫుల్ చేయిస్తారు, పుస్తకంలో ఉన్న కెపాసిటీలోంచి బిల్లులో ఉన్న లీటర్లు తీసేస్తారు. 57 లీటర్ల ట్యాంకులో 49 పడితే 8 మిగిలినట్టు. కానీ కంపెనీ రాసే కెపాసిటీలో పైన వదిలే ఖాళీ కలవదు. మూతి దాకా నింపితే రెండు మూడు లీటర్లు ఎక్కువే పడతాయి. అప్పుడు లెక్కలో రిజర్వు అసలుకన్నా తక్కువ కనిపిస్తుంది, దాంతో నష్టం లేదు. ట్యాంకు సొట్టపోయి ఉంటే మాత్రం తిరగబడుతుంది. అసలు 54 లీటర్లే పట్టే ట్యాంకుని 57 అనుకుంటే, లేని మూడు లీటర్లని నమ్ముకుని రోడ్డెక్కుతారు.

కచ్చితంగా తేలాలంటే ఖాళీ చేసి చూడాల్సిందే. లైటు నిలకడగా వెలిగాక బండిని చదును నేల మీద ఆపి, ఇంజన్ చల్లారాక, అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్ విప్పి లీటరు కొలతతో డీజిల్‌ని క్యాన్లలోకి పట్టాలి. ప్లగ్ తుప్పు పట్టి ఉంటుంది కాబట్టి ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచండి. వచ్చిన దాంట్లో ఒకటి రెండు లీటర్లు తీసేయండి. పీల్చే పైపు అడుగుకి ఆనదు, దాని కింద ఉన్నది ఇంజన్‌కి అందదు. 8 వస్తే 6 అనుకోండి. లోడు మీద లీటరుకి 10 ఇచ్చే బండికి అది 60 కిలోమీటర్లు. అంటే నెల్లూరులో లైటు వెలిగితే కావలి దాకా లాగుతుంది, ఒంగోలు మాట మర్చిపోవాలి. మొదటి తరం టాటా ఏస్‌కి ట్యాంకే 30 లీటర్లు, కాబట్టి రిజర్వు ఇంకా చిన్నది.

నిలకడగా అని ఎందుకంటున్నానంటే, మలుపుల్లో, బ్రేకు కొట్టినప్పుడు డీజిల్ ఒక పక్కకి పోయి లైటు మినుకుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఆ మినుకుని తేలిగ్గా తీసుకోకూడదు. ట్యాంకు ఛాసిస్ పక్కన పొడుగ్గా ఉంటుంది, డీజిల్ అంతా వెనక్కి జరిగితే పైపు గాలి పీల్చేస్తుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కే బండికి కనీసం పావు ట్యాంకు ఉండాలి. అడవిలో బంకు దొరకదు, రాత్రయితే అటవీ శాఖ గేటు కూడా వేసేస్తారు.

ఇక లైటు, మీటరు ముల్లు తప్పు చూపించడం. మెకానిక్ దగ్గరికెళ్తే చాలాసార్లు ముందుగా ఫ్లోటు మార్చేస్తారు. మన తీరంలో తిరిగే బండికి మొదట అనుమానించాల్సింది ఎర్త్‌ని, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ నెగెటివ్‌కి చేరే దారిని. జువ్వలదిన్నె, కొత్తపట్నం వైపు చేపలు, రొయ్యలు ఎత్తే బళ్లలో ట్రేల నుంచి ఐసు కరిగిన ఉప్పునీళ్లు ఛాసిస్ మీద, ట్యాంకు మీద కారుతూనే ఉంటాయి. ట్యాంకు రబ్బరు ప్యాకింగ్ మీద కూర్చుంటుంది, కాబట్టి ఫ్లోటు యూనిట్‌కి ఎర్త్ ఒక్క సన్న వైరు ద్వారానే అందాలి. ఆ వైరు చివర బోల్టు దగ్గర పచ్చగా, తెల్లగా పొడి కట్టిందంటే దొంగ దొరికినట్టే. ఆ తుప్పు వల్ల పెరిగే రెసిస్టెన్స్, ఫ్లోటు రెసిస్టెన్స్‌కి తోడవుతుంది. ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ రెసిస్టెన్స్ పెరిగే మోడల్లో ముల్లు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. తగ్గే మోడల్లో ఎక్కువ చూపిస్తుంది, నడిరోడ్డు మీద నిలబెట్టేది ఈ రెండో రకమే.

పరీక్షకి పెద్ద సామాను అక్కర్లేదు. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఒక వైరు తెచ్చి ఫ్లోటు యూనిట్ బాడీకి తాకించి, కీ ఆన్ చేసి ముల్లు చూడండి. పాత మీటర్లు మెల్లగా కదులుతాయి, అర నిమిషం ఆగండి. ముల్లు చోటు మారితే ఎర్త్ పోయినట్టే. బోల్టు విప్పి, ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు పూయండి. ఎర్త్ బాగుంటే మీటరు వైరుని యూనిట్ నుంచి పీకండి, ముల్లు ఒక చివరికి పోవాలి. అదే వైరుని రెండు మూడు సెకన్లు బాడీకి తాకిస్తే ముల్లు రెండో చివర వైపు కదలాలి. రెండూ జరిగితే మీటరు మంచిదే, జబ్బు ఫ్లోటులో ఉంది. లైటు వైరుని బాడీకి తాకించినా వెలగకపోతే ముందు బల్బు, తర్వాత ఫ్యూజు చూడండి.

చాలా బళ్లలో లైటుకి ఒక చిన్న థర్మిస్టర్ ఉంటుంది. డీజిల్‌లో మునిగి ఉన్నంతసేపు చల్లగా ఉంటుంది, బయటపడగానే వేడెక్కి కరెంటుకి దారి ఇస్తుంది, అప్పుడు లైటు వెలుగుతుంది. ముల్లు పని చేస్తూ లైటు చచ్చిపోవడం, లేదా లైటు పని చేస్తూ ముల్లు చచ్చిపోవడం ఇందుకే. రెండింటి దారులు వేరు.

ఫ్లోటు విప్పాలంటే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి, యూనిట్ చుట్టూ మట్టి తుడిచేయండి. బయటికి తీశాక చెవి దగ్గర ఊపండి. లోపల చప్పుడైతే ఫ్లోటుకి చిల్లు పడి డీజిల్ చేరింది, ముల్లు ఎప్పుడూ కిందే ఉంటుంది. చప్పుడు లేకపోతే మల్టీమీటర్ ఓమ్స్‌లో (రెసిస్టెన్స్ కొలతలో) పెట్టి, ఫ్లోటు బిగించిన కడ్డీని మెల్లగా పైనుంచి కిందికి తిప్పండి. అంకె వరసగా మారాలి. ఒకచోట ఎగిరిపడితే కడ్డీ రెండో కొస రాసుకునే ట్రాక్ అక్కడ అరిగింది. కొత్త యూనిట్ కొనేముందు పై చివర, కింది చివర ఓమ్స్ రెండూ పాతదాంతో పోల్చి చూడండి, కడ్డీ పొడవు కూడా. బజార్లో దొరికే నకిలీలు రంధ్రాలకి సరిగ్గా కూర్చుంటాయి, ఓమ్స్ మాత్రం వేరే బండివి. ఫుల్ ట్యాంకుకి ముల్లు సగంలో ఆగిపోవడానికి తరచూ కారణం ఇదే.

ట్యాంకు బయటే ఉంది కదా అని సొట్ట తీయించి, చిల్లుకి వెల్డింగ్ పెట్టించేవాళ్లున్నారు. ఖాళీ డీజిల్ ట్యాంకు నిండుదానికన్నా ప్రమాదం. ఆవిరి పట్టించి కడగకుండా మంట దగ్గరికి తేవద్దు.

డీజిల్ అయిపోయి ఆగితే పైపుల్లో గాలి చేరుతుంది, రెండు లీటర్లు పోసి సెల్ఫ్ కొడుతూ కూర్చోవద్దు. కనీసం 5 లీటర్లు పోయండి. ఫిల్టర్ పైన ఎయిర్ స్క్రూ వదులు చేసి, హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కే చిన్న పంపు) నొక్కుతూ బుడగల్లేని డీజిల్ వచ్చాక, నొక్కుతూనే స్క్రూ బిగించండి. సెల్ఫ్ 15 సెకన్లు మించి కొట్టొద్దు, మధ్యలో ఒక నిమిషం ఆపండి. మెకానికల్ పంపు బండి అప్పటికీ లేవకపోతే ఇంజెక్టర్ నట్లు కాస్త వదులు చేసి గాలి తీయొచ్చు. కామన్ రైల్ బండిలో, అంటే ఇంజెక్టర్లన్నింటికీ ఒకే హై ప్రెజరు పైపు నుంచి డీజిల్ అందే బండిలో, ఆ నట్ల జోలికి వెళ్లకండి. అక్కడ ప్రెజరు వెయ్యి బార్ దాటుతుంది, చిమ్మే డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది.

ఇంకొకటి. కెపాసిటీకన్నా ఎక్కువ బిల్లయిందని బంకులో గొడవపడేవాళ్లు, ఆ పైన వదిలిన ఖాళీ సంగతి గుర్తుంచుకోండి. అప్పటికీ అనుమానం తీరకపోతే ప్రభుత్వ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలత పాత్ర తెమ్మని అడగండి. ప్రతి బంకులోనూ ఉండాలి, వినియోగదారు అడిగితే మీ ముందే పట్టి చూపించాలి. తేడా 25 మిల్లీలీటర్ల లోపు ఉంటే పంపులో తప్పు లేదు.